పిడికెడు బియ్యం అడిగిన బిషప్

ఆగస్టు 17 బిషప్ అజరయ్య పుట్టినరోజు. దోర్నకల్ల, ఖమ్మం దిక్కు సంఘాలల్ల తప్ప ఈ పేరు ఇయ్యాల పెద్దగ వినవడదు. బొగ్గుబాయిల మీద బతికే మన గోలేటి, బెల్లంపల్లి, గోదావరిఖని జనం ఆయన్ని ఎరుకలో పెట్టుకోవాల్సిన అవసరం మాత్రం ఇప్పుడు మస్తుగ ఉన్నది.

ఏ కాలనీకన్న పోయి చూడుండ్రి. ఆదివారం పొద్దుగాల క్వార్టర్ల నడుమ ఒక రేకుల షెడ్డు, దానికో మైకు, ముంగట వరుసకు బైకులు. ప్లేడే వదులుకొని, డబుల్ జీతం పోగొట్టుకొని వచ్చినోళ్లు గూడ అండ్ల ఉంటరు. ఈ ఏడాది ఇంతమంది కొత్తగ నమ్ముకున్నరు, ఇంతమంది బాప్తిస్మం తీసుకున్నరు అని పాస్టర్లు సంబురంగ చెప్తరు. మరి రెండేండ్ల కింద తీసుకున్నోళ్లు ఇప్పుడు ఎక్కడున్నరు అని అడిగితే జవాబు జర నెమ్మదిగ వస్తది. కొందరు ఇంకో సంఘానికి పోయిన్రు. కొందరు క్రిస్మస్‌కే కనవడ్తరు. కొందరు మొత్తానికే బందు చేసిన్రు.

బాయి పనిల కొత్తగ చేరినోన్ని ఎవ్వరూ సీదా బాయిలకు దింపరు. ముందుగాల వీటీసీకి పంపుతరు. లైటు ఎట్ల కట్టుకోవాలె, కప్పు ఎట్ల చూసుకోవాలె, గ్యాస్ ఉంటే ఏం చేయాలె అన్నీ నేర్పుతరు. తర్వాత గూడ కొన్నొద్దులు పాతోడు ఒకడు పక్కన ఉంటడు. దేవుని నమ్ముకునే కాడికి వచ్చేసరికి మాత్రం నీళ్లల్ల ముంచుడు, ఫొటో దిగుడు, అంతే. రేపటి సంది వాడు ఏం తింటడు, ఎట్ల తాగుడు మానుతడు, అప్పు ఎట్ల తీరుస్తడు, ఇంట్ల వాళ్లతోని ఎట్ల మెలుగుతడు అని అడిగే దిక్కు ఉండదు.

ఈ ప్రశ్నను బతుకంత పట్టుకున్న మనిషి వేదనాయగం శామ్యూల్ అజరయ్య. సింగరేణి బొగ్గు మొదలు బయటపడ్డ దిక్కుననే, దోర్నకల్ల, 35 ఏండ్లు ఉండి అక్కడనే కన్నుమూసిండు.

ఆయన మన తెలుగోడు కాదు, తమిళుడు. 1874ల తిరునెల్వేలి జిల్లా వెళ్లాలన్‌విళై అనే చిన్న ఊర్ల పుట్టిండు. వాళ్లది నాడార్ కులం. మన దిక్కు గౌడన్నల లెక్క తాటిచెట్లు ఎక్కి బతికిన కులం. ట్రావెన్‌కోర్‌ల ఈ కులం ఆడోళ్లు ఒంటినిండ బట్ట కప్పుకునే హక్కు కోసం గూడ కొట్లాడాల్సి వచ్చింది. తండ్రి థామస్ వేదనాయగం హిందువుగ పుట్టి, మిషన్ బడిల చదువుకుంట క్రైస్తవుడు అయిండు. తర్వాత ఊరి పాదిరి అయిండు. తల్లి పేరు ఎలెన్. పెండ్లయిన చాన ఏండ్లకు, మొక్కంగ మొక్కంగ పుట్టిన కొడుకని శామ్యూల్ పేరు పెట్టుకున్నరు. బైబిల్ల హన్నా కథ తెల్సినోళ్లకు ఆ పేరు ఎందుకో విడమరిచి చెప్పనక్కర లేదు. తండ్రి జల్దినే పోయిండు, తల్లే పెంచింది.

అంటే నాయిన కొత్త విశ్వాసి, కొడుకు పుట్టు విశ్వాసి. ఒక తరం కింద అంటరాని లెక్క చూడవడ్డ ఇల్లు చదువుతోని, గుడితోని ఎట్ల లేచి నిలవడ్డదో ఆయన కండ్లారా చూసిండు. తర్వాత దోర్నకల్ల మాలపల్లెలు, మాదిగపల్లెలు తిరిగినప్పుడు ఇది ఆయనకు మస్తు పనికొచ్చింది. వీళ్లతోని ఏమైతది అని చాలామంది అనుకున్నకాడ, ఏమైతదో తన ఇంట్లనే చూసినోడు ఆయన.

మద్రాస్ క్రిస్టియన్ కాలేజీల చదివిండు గని డిగ్రీ చేతికి రాలేదు. 1895 సంది వైఎంసీఏల పనికి చేరి దక్షిణ దేశమంత తిరిగిండు. షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికా ఆయన అక్కడనే దోస్తు అయిండు. తెల్లోడు, నల్లోడు ఒక్క జాగల ఉండి, ఒక్క కంచంల తిన్నట్టు పనిచేసిన్రు. ఈ దోస్తానా సంగతి యాదికి పెట్టుకోవాలె, ముంగట మళ్ల వస్తది. 1898ల అన్బు మరియమ్మాళ్‌ను పెండ్లి చేసుకున్నడు. దక్షిణాదిల కాలేజీ మెట్లెక్కిన మొదటి క్రైస్తవ ఆడబిడ్డలల్ల ఆమె ఒకరు. పెండ్లి సాదాగ అయ్యింది, కట్నం ముచ్చట లేదు. ఇయ్యాల మన సంఘాలల్ల పెండ్లిళ్లకు ఫంక్షన్ హాళ్లు, కార్లు, బంగారం చూస్తున్నం గద, అందుకే ఈ మాట రాయాల్సి వచ్చింది.

1902ల ఆయన శ్రీలంకల జాఫ్నాకు పోయిండు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత పైసలతోని, సొంత మనుషులను వేరే ఊర్లకు సువార్త పనికి పంపుతుండ్రు. తిరునెల్వేలి సంఘం వాళ్లకంటె పెద్దది, పాతది. అయినా అన్నిటికి ఇంగ్లండ్ దిక్కే చూస్తుండె. అజరయ్యకు సిగ్గనిపించింది. ఇంటికొచ్చి నలుగురిని కూడగట్టిండు. 1903 ఫిబ్రవరిల తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. తెల్లోళ్ల పైసా వద్దు, తెల్లోళ్ల పెత్తనం వద్దు, మన పైసలు, మన మనుషులు. ఇదే రకంగ దేశమంతటికీ నేషనల్ మిషనరీ సొసైటీ కావాలని 1905 డిసెంబర్ 25న సెరంపూర్ల మొదలుపెట్టినోళ్లల్ల గూడ ఆయన ఉన్నడు.

ఆ తిరునెల్వేలి సొసైటీ ఎంచుకున్న జాగనే దోర్నకల్. నిజాం రాజ్యంల, మానుకోట దిక్కు ఒక చిన్న ఊరు. 1870ల మొదట్ల ఇల్లందు కాడ కింగ్ దొర బొగ్గు కనిపెట్టిండు. ఆ బొగ్గు కోసం దోర్నకల్ నుంచి సింగరేణికి రైలుపట్టాలు వేసిన్రు. 1889ల తవ్వకం షురువైంది. అట్ల దోర్నకల్ జంక్షన్ అయ్యింది. మన బెల్లంపల్లి బాయిలు చాన తర్వాత, 1920ల చివర్ల మొదలైనయి. గోలేటి బాయిలు ఇంక ఎన్కకు. బొగ్గు కోసం పడ్డ బాట మీదనే తమిళనాడు నుంచి సువార్త చెప్పేటోళ్లు వచ్చిన్రు.

ముందుగాల సొసైటీ వేరేటోళ్లను పంపింది. ఎన్కకు అజరయ్యనే, పంపే కుర్చీల కూసుండుడు చాలు అనుకొని, 1909ల వైఎంసీఏ పని ఇడిసిపెట్టి పాదిరి అయి దోర్నకల్‌కు వచ్చిండు. 35 ఏండ్ల వయసు. పెద్ద పేరున్న మనిషి, ఇంగ్లిష్‌ల మంచి మాటకారి. దోర్నకల్ల దిగంగనే నోరులేని పసిపోరడు అయిండు. తెలుగు అ ఆ ల కాడికెళ్లి నేర్చుకున్నడు. కొత్తగ నమ్మినోనికి దేవుని మాటలు ఎంత కొత్తగ, ఎంత వింతగ ఉంటయో ఆ ఏడాది ఆయనకు తెల్సి ఉంటదని నాకు అనిపిస్తది.

వచ్చిన ఏడాదికే, 1910 జూన్ల, స్కాట్లండ్ దేశం ఎడింబరోల ప్రపంచ మిషనరీల మహాసభ. 1,200 మంది దాంక ప్రతినిధులు వస్తే అండ్ల ఆసియా వాళ్లు 20 మంది గూడ లేరు. ఆ సభల నిలవడి, మిషనరీలకు మన దేశపు సంఘాలకు నడుమ ఉన్న దూరం గురించి అజరయ్య మాట్లాడిండు. మీరు మస్తు త్యాగం చేసిన్రు, కాదనం గని మాతోని కలిసి తినరు, మాతోని చెయ్యి కలపరు, మాకు దోస్తానా కావాలె అని వాళ్ల మొఖం మీదనే అడిగిండు. సభల గుబులు లేసింది. కొందరికి మస్తు కోపం వచ్చింది. ప్రపంచ క్రైస్తవ చరిత్రల ఆ ప్రసంగానికి ఇప్పటికీ పేరున్నది.

మనం సాధారణంగ ఆ ప్రసంగాన్ని తెల్లోళ్ల అహంకారానికి చెంపపెట్టు అని చెప్పుకొని చప్పట్లు కొడ్తం. అది నిజమే. కానీ అదే మాట మన సంఘాలకు పెట్టి చూస్తే ఎట్లుంటది? నాలుగు తరాల సంది క్రైస్తవులమని చెప్పుకునేటోళ్లు, నిన్న మొన్న నమ్ముకున్న బదిలీ వర్కర్ ఇంటికి పోయి అన్నం తింటున్నరా? వాని బిడ్డ పెండ్లికి పోతున్నరా? ప్రార్థన చేసి పంపుతున్నరు, బియ్యం బస్తా ఇస్తున్నరు, ఆస్పత్రి ఖర్చు గూడ ఇస్తున్నరు. దోస్తానా ఇచ్చేటోళ్లు ఎంతమంది? కొత్తగ వచ్చినోడు పోయిన కారణాలల్ల సగం ఇక్కడనే దొరుకుతయి.

1912 డిసెంబర్ 29న కలకత్తాల ఆయనను బిషప్ చేసిన్రు. ఆంగ్లికన్ సంఘంల భారతీయుడు బిషప్ అవుడు అదే మొదలు. ఇండియన్ చేతికింద మేం పనిచేస్తమా అని కొందరు ఇంగ్లిష్ మిషనరీలు గుర్రుమన్నరు. మనోళ్లల్ల గూడ నాడార్‌కు ఆ గద్దె ఏంది అన్నోళ్లు ఉన్నరు. మొదట్ల చిన్న జాగ ఇచ్చి కూసుండవెట్టిన్రు. 1920ల మొదట్ల కృష్ణా, మచిలీపట్నం దిక్కు తెలుగు ప్రాంతాలు గూడ కలిపి పెద్దది చేసిన్రు. అటెన్క ఇంగ్లిష్ పాదిరీలు ఈయన కిందనే పనిచేసిన్రు. ఆయన పోయేదాంక, 1945 దాంక, దేశంల ఇంకో భారతీయునికి సొంతంగ ఒక ఆంగ్లికన్ డయాసిస్‌ను ఇయ్యలేదు. డిగ్రీ లేని ఈ మనిషికి కేంబ్రిడ్జి యూనివర్సిటీ తర్వాత గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. పదవుల ముచ్చట ఇంతటితోని చాలు.

ఆ రోజులల్ల తెలుగు పల్లెలల్ల పెద్ద కదలిక. ఒక్కొక్కరు కాదు, వాడలకు వాడలే మాలలు, మాదిగలు క్రైస్తవం దిక్కు వస్తుండ్రు. కులపెద్దలు కూసుండి మాట్లాడుకునేది, మాకు ఒక పంతులును పంపుండ్రి అని దోర్నకల్‌కు కబురు పెట్టేది. ఎందుకు వచ్చిన్రు అంటే కారణాలు చానా ఉన్నయి. వెట్టి నుంచి తప్పించుకోవాలని, పోరగాళ్లకు చదువు కావాలని, మనిషి లెక్క చూసే జాగ కావాలని, అమ్మోరికి, జబ్బుకు భయపడి, కొందరు నిజంగనే ఆ కథ విని మనసు కరిగి. అజరయ్య ఈ కారణాలను చూసి మొఖం చిట్లించలేదు. ఎందుకొచ్చినవ్ అనేదానికంటె వచ్చినంక ఏమైతున్నవ్ అనేదే ఆయనకు పెద్ద లెక్క.

అందుకే బాప్తిస్మం అనేది ఆయన కాడ తేలిగ్గ దొరికేది కాదు. ముందుగాల ఊరికి పంతులు పోవాలె. పంతులంటే జీతంగల్ల ఆఫీసర్ గాదు, ఎక్కువ మంది అవే కులాల నుంచి వచ్చినోళ్లు, భార్యతోని పోయి ఆ వాడలనే గుడిసె వేసుకొని ఉండేటోళ్లు. పగలు పోరగాళ్లకు బడి. రాత్రి కూలికి పోయొచ్చిన పెద్దోళ్లకు దీపం కాడ పాటలు, బైబిల్ కథలు, పది ఆజ్ఞలు, ప్రభువు నేర్పిన ప్రార్థన. చదువు రానోళ్లకు పాటలతోనే, చెప్పిందే చెప్పి నోటికి వచ్చేదాంక. 1930ల నడుమకు వచ్చేసరికి ఆయన కింద రెండు వేలకు పైగ ఊరి పంతుళ్లు ఉన్నరు. దోర్నకల్ల పంతుళ్లకు శిక్షణ నడిచేది. వాళ్ల భార్యలకు అన్బమ్మ దగ్గరుండి చదువు, పిల్లల పెంపకం, శుభ్రం నేర్పేది. చేతిపని, ఎవుసం చేయని చదువు అజరయ్యకు నచ్చకపోయేది. ఆయన పేరు చెప్తే మనకు శిలువ వేసుకున్న బిషప్ ఫొటో యాదికొస్తది గని, ఆ పనంత నడిపించింది ఈ పేరులేని పంతుళ్లు, పంతులమ్మలే.

పల్లెకు నాలుగు దయ్యాలు పట్టినయని ఆయన లెక్క: మురికి, రోగం, అప్పు, తాగుడు. దేవుని నమ్ముకున్నమని చెప్పి ఈ నాలుగింటితోని కొట్లాడకుంటె ఆ నమ్మకం ఎందుకు అన్నట్టుండేది ఆయన తీరు. మన బొగ్గుబాయిలల్ల రోగం జర తగ్గింది, మురికి తగ్గింది. అప్పు, తాగుడు మాత్రం అట్లనే ఉన్నయి. జీతం పడంగనే వడ్డీ వ్యాపారి జేబుల ఉన్న ఏటీఎం కార్డుతోని పైసలు తీసుకునే ముచ్చట కోల్‌బెల్ట్‌ల కొత్త కాదు. స్వస్థత కూటాలల్ల నడుమునొప్పికి ప్రార్థన చేస్తరు, ప్రమోషన్‌కు ప్రార్థన చేస్తరు. ఏటీఎం కార్డు ఎట్ల వాపస్ తెచ్చుకోవాల్నో కూసుండి లెక్క రాయించే సంఘం నాకు తెల్సి చానా తక్కువ. అజరయ్య కాలంల దోర్నకల్ డయాసిస్ ఆస్పత్రులతోపాటు సహకార సంఘాలు గూడ పెట్టింది. అది గూడ ఆత్మీయ ఎదుగుదలనే అనుకున్నరు ఆ కాలపోళ్లు.

ఇగ బాప్తిస్మం రోజు. నీళ్లు పోసినంక ఆ కొత్త మనిషి తన చెయ్యి తన నెత్తిమీదనే పెట్టుకోవాలె. పెట్టుకొని, నేను బాప్తిస్మం పొందినోన్ని, ఈ వార్త నలుగురికి చెప్పకుంటె నాకు శ్రమే అని అర్థం వచ్చేటట్టు ఒప్పుకోవాలె. నిన్నటిదాంక ఊరి బావి కాడికి గూడ రానియ్యని మనిషి, ఒక్క అక్షరం రాని మనిషి, మొదటి రోజే సాక్షి అయితుండు. బాగ నేర్చుకున్నంక, పెద్దగైనంక, బైబిల్ స్కూల్‌కు పోయొచ్చినంక చెప్తువులే అని ఆయన ఆపలేదు. ఏడాదికి ఒక వారం సాక్ష్య వారం అని పెట్టిండు. కూలికి పోయేటోళ్లు, పాలేర్లు, అమ్మలక్కలు గుంపులు కట్టి పక్క ఊర్లకు పోయి తమకు తెల్సినంత చెప్పేది. తెల్సింది తక్కువనే. అయినా చెప్పంగ చెప్పంగనే తెల్సుకునుడు పెరుగుతదని ఆయన నమ్మకం. బాయిల గూడ కొత్త ఫిల్లర్ తట్ట పట్టినంకనే పని నేర్చుకుంటడు, గట్టున కూసుండి కాదు.

రెండోది పిడికెడు బియ్యం. పొయ్యిమీద ఎసరు పెట్టినప్పుడల్లా, కడిగే బియ్యంల నుంచి ఒక పిడికెడు తీసి వేరే కుండల పోయాలె. ఆదివారం ఆ కుండ గుడికి తేవాలె. పైసలు లేనోళ్లు కోడిగుడ్డో, కోడిపిల్లనో, గుమ్మడికాయనో తెచ్చేది. కోతలైనంక కోత పండుగ, గింజలు తెచ్చి గుడిముంగట కుప్పవోసేది. మనమే తిండికి తిప్పలవడ్తున్నం, మనల్ని అడుగుతరా అన్నోళ్లు ఉండకపోరు. క్రైస్తవుడు ఇచ్చుడు మీద అజరయ్య ఒక పుస్తకమే రాసిండు. ఇచ్చుడు ఉన్నోళ్ల పని, తీసుకునుడు లేనోళ్ల పని అనే పద్ధతినే ఆయన ఒప్పుకోలేదు.

దీని ఎన్కాల ఒక పెద్ద సంగతి ఉన్నది. ఆ కాలంల, ఇయ్యాల గూడ, దళితుడు క్రైస్తవుడు అయితే లోకం అనే మొదటి మాట బియ్యం కోసం పోయిండు, గోధుమపిండి కోసం పోయిండు అని. 1930లల్ల గాంధీ గూడ ఈ గుంపు మతమార్పిడులను గట్టిగ తప్పువట్టిండు. 1935ల అంబేద్కర్ హిందువుగ చావనని ప్రకటించినంక ఈ కొట్లాట ఇంక ముదిరింది. మతాల నడుమ తేడా తెల్సుకునే తెలివి హరిజనులకు ఉంటదా అనే సందేహం గాంధీ బయటపెట్టిండు. గాంధీ మీద ఎంత గౌరవం ఉన్నా, ఆ మాట ఇయ్యాల చదివితే గూడ మనసు చివుక్కుమంటది. అజరయ్య దీన్ని ఒప్పుకోలేదు. తన కండ్లముంగట మారిన మనుషులను చూపిచ్చి జవాబు చెప్పిండు. తాగుడు మానినోళ్లు, పిల్లల్ని బడికి పంపినోళ్లు, ఎవ్వరి ముంగట వంగకుండ నిలవడ్డోళ్లు. వాళ్లను చూసే, 1930లల్ల కొన్ని ఊర్లల్ల పై కులాలోళ్లు గూడ గుడికి వచ్చుడు షురూ చేసిన్రు. బియ్యం కోసం పోయిన్రు అనే మాటకు ఆ కుండల జమ అయిన పిడికెడు బియ్యం కంటె గట్టి జవాబు నాకైతే కనవడ్తలేదు. తీసుకునేటోడు కాదు వాడు, ఇచ్చేటోడు.

అట్లనే క్రైస్తవులకు వేరే ఓటు, వేరే సీట్లు అనే పద్ధతిని గూడ ఆయన వద్దన్నడు. సంఘం ఓట్ల లెక్కల పడితే అది సంఘం లెక్క ఉండదు, ఇంకో కులం అయితది అని ఆయన భయం.

ఇక్కడ మన కాలం ముచ్చట ఒకటి చెప్పక తప్పదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితునికి ఎస్సీ హోదా పోతది. సిక్కులకు 1956ల, బౌద్ధులకు 1990ల ఇచ్చిన్రు గని క్రైస్తవులకు ఇయ్యలేదు. మన రాష్ట్రంల వాళ్లు బీసీ-సీ కిందికి వస్తరు, ఒక్క శాతం. గుడికి పోయినా వాడ మారలేదు, కులం పేరుతోని తిట్లు మారలేదు, కాగితం మాత్రం మారాలె. అందుకే మస్తుమంది సర్టిఫికెట్ల ఒక తీరు, సంఘంల ఒక తీరు బతుకుతుండ్రు. కొత్తగ నమ్ముకున్నోడు మొదటి రోజు నుంచే దాచుకునుడు నేర్చుకుంటుండు. ఈ చట్టం అన్యాయం అనే నా అభిప్రాయం. అయితే పిల్లల కొలువు ఒకదిక్కు, ఒప్పుకున్న మాట ఒకదిక్కు గుంజుతుంటె ఆ మనిషి పక్కన కూసుండి మాట్లాడే పాస్టర్ ఉన్నడా అంటే, ఎక్కువ జాగలల్ల ఆ ముచ్చటనే ఎత్తరు. నెత్తిమీద చెయ్యి పెట్టిచ్చిన అజరయ్య ఇయ్యాల గోలేటిల ఉంటే ఏమనేటోడో ఊహించి చెప్పుడు నా వల్ల కాదు. ఆయన కాలంల ఆ ఉత్తర్వు లేదు.

అన్నీ ఆయన అనుకున్నట్టు అయినయని గూడ కాదు. ముఖ్యంగ కులం. ప్రభు భోజనంల మాల, మాదిగ ఒక్క గిన్నెలకెళ్లి తాగాలని ఆయన పట్టు. చానా ఊర్లల్ల తాగిన్రు గూడ. కానీ పిల్ల నిచ్చుడు, పిల్లను తెచ్చుకునుడు కాడికి వచ్చేసరికి ఎవరి వాడ వాళ్లదే. పదవులు మా వాళ్లకు తక్కువ, వాళ్లకు ఎక్కువ అనే పంచాదులు చివరి ఏండ్లల్ల డయాసిస్ లోపటనే లేసినయి, ఆయనను బాగ బాధపెట్టినయి. ఇంకోటి, ఆయన జర కఠినం మనిషి. ఇంగ్లిష్ ప్రార్థన పుస్తకం పద్ధతులను గట్టిగ పట్టుకున్నడు. పెత్తనం తన చేతుల ఉంచుకున్నడు అనే మాట గూడ ఉన్నది. కొత్తోళ్లను మొదటి రోజే సాక్షులను చేసిన మనిషి, సంఘం నడిపే కాడ అంత జల్దిగ పగ్గాలు ఇయ్యలేదు. ఇది నాకు ఇప్పటికీ అర్థం కాని సంగతి. బహుశా లక్షల మంది కొత్తోళ్లు ఒక్కసారిగ వచ్చి పడితే ఎవ్వరైనా అట్లనే చేస్తరేమో. ఆయన చివరి రోజులకు డయాసిస్‌ల క్రైస్తవుల లెక్క రెండు లక్షలు దాటింది.

అయితే మనదైన తీరును మాత్రం మరువలేదు. కోలాటాలు, భజనలు, మన రాగాల పాటలు గుడిలకు రానిచ్చిండు. దోర్నకల్ పెద్దగుడి చూసినోళ్లకు ఇది తెలుస్తది. ఏండ్లకేండ్లు కట్టి 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేసిన్రు. దూరం నుంచి చూస్తే మసీదు గుమ్మటాల లెక్క, దగ్గరికి పోతే గుడి స్తంభాల లెక్క, లోపట శిలువ. నిజాం రాజ్యంల హిందూ ఊర్ల నడుమ క్రైస్తవ గుడి ఎట్లుండాలె అనేదానికి ఆయన ఇచ్చిన జవాబు అది. మెదక్ చర్చికి కోల్‌బెల్ట్ నుంచి బస్సులు కట్టుకొని పోతరు. అది తెల్లరాయి ఇంగ్లండ్ తీరు, అందం దానిది దానికే ఉన్నది. దోర్నకల్ దిక్కు పోయేటోళ్లు తక్కువ.

సంఘాలు చీలి ఉండుడు ఆయనకు అసలు నచ్చకపోయేది. 1919ల తరంగంబాడిల కూసుండి, దక్షిణాది సంఘాలన్నీ ఒక్కటి కావాలని మాట మొదలువెట్టినోళ్లల్ల ఆయన ముఖ్యుడు. తెల్లోళ్లు వాళ్ల దేశాల తగాదాలతోని పెట్టుకున్న పేర్లు మన పల్లెటూరి కొత్త విశ్వాసికి ఎందుకు అని ఆయన బాధ. మాలపల్లెల ఒక పేరు సంఘం, మాదిగపల్లెల ఇంకో పేరు సంఘం ఉంటే కొత్తగ వచ్చినోడు దేవున్ని చూస్తడా, కులాన్నే మళ్ల చూస్తడా? పాతికేండ్లు ఆ చర్చలు సాగినయి. గోలేటి లాంటి చిన్న టౌన్‌షిప్‌ల ఇయ్యాల ఎన్ని బోర్డులున్నయో లెక్కపెట్టుకుంటె, ఆ పాతికేండ్లు ఎందుకు పట్టినయో తెలుస్తది.

ఆ కలయిక ఆయన చూడలేదు. 1945 జనవరి 1న, కొత్త సంవత్సరం నాడే, దోర్నకల్ల కన్నుమూసిండు. ఆయన జాగల వచ్చిన బిషప్ ఎలియట్ ఇంగ్లిష్ ఆయన, అజరయ్య చేతికిందనే ఏండ్లకేండ్లు పనిచేసినాయన. రెండేండ్లు దాటినంక 1947 సెప్టెంబర్ 27న మద్రాసుల చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా మొదలైంది. అప్పటికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చి నలభై మూడు రోజులు. దోర్నకల్ దిక్కు ఊర్లల్ల ఆదివారం బియ్యం కుండలు గుడికి వస్తనే ఉన్నయి.